ఒకే డిస్కులో రెండు కాపురాలు

ఈ సంవత్సరం మా హాస్టల్లో చాలామందికి ఒకే సమస్య వచ్చిపడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, మనబోటివాళ్ళు సెకండ్ హ్యాండులో కొనుక్కున్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. టీ.పీ.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట, ప్రాసెసరు కొత్త తరంది కావాలట. అలాగని లాప్‌టాప్‌ను పారేసుకోలేం కదా! అందుచేత అందరి చూపూ లినక్స్ మీద పడింది. అయితే విండోస్‌ను పూర్తిగా వదిలేసే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ప్రాక్టికల్స్‌కు వాడే ఒకటి రెండు ప్రోగ్రాములు దానిలోనే నడుస్తాయి. కాబట్టి రెండూ ఉండాలి, ఒకే డిస్కులో ఉండాలి.

నేనూ ఆ పని చేశాను. చేసేటప్పుడు ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. ఆ పొరపాటు వల్లనే డిస్కు పంపకం అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది గనుక దాన్ని దాచకుండా చెబుతాను. ముందు డిస్కు సంగతి చూద్దాం.

నా లాప్‌టాప్‌లో ఉన్నది 500 గిగాబైట్ల హార్డ్ డిస్కు. దానిలో సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్ళలో ఉంటుంది. ఒక్కో గడిలో 512 బైట్లు పడతాయి. ఇటువంటివి మొత్తం 97 కోట్ల 67 లక్షల 73 వేల 168 ఉంటాయి. వాటికి సున్నా నుంచి వరసగా నంబర్లు. పార్టిషన్ అనగా మరేమీ కాదు, “ఫలానా నంబరు గడి నుంచి ఫలానా నంబరు గడి దాకా ఒక భాగం” అని రాసిపెట్టుకున్న ఒక లెక్క, అంతే. ఆ లెక్క డిస్కు మొదట్లో ఒక పట్టికలో ఉంటుంది. డిస్కు లోపల గోడలు ఉండవు, గీతలు ఉండవు. పొలానికైతే గట్టు ఉంటుంది, హద్దు రాళ్ళుంటాయి. ఇక్కడ అవేవీ లేవు, అడంగల్ ఒక్కటే ఉంది. అడంగల్‌లో ఒక వరస కొట్టేస్తే పొలంలో పైరు మాయమవుతుందా? కాదు. కానీ ఆఫీసు వారి దృష్టిలో అది ఎవరిదీ కాని నేల. డిస్కులోనూ సరిగ్గా అంతే.

(సందర్భం వచ్చింది కనుక ఒక మాట. 500 అని కొన్న డిస్కును విండోస్ 465 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని మా పక్క గది మిత్రుడు చాలా రోజులు బాధపడ్డాడు. డిస్కు తయారుచేసేవారు గిగాబైటు అంటే 100 కోట్ల బైట్లని లెక్క కడతారు. విండోస్ 107 కోట్ల పైచిలుకుకు ఒకటని కొలుస్తుంది. మానిక మారితే ధాన్యం లెక్క మారదూ!)

ఈ పట్టిక పద్ధతి నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1983లో ఐ.బీ.ఎం. కంపెనీ ఎక్స్‌టీ అనే కంప్యూటరును తెచ్చినప్పుడు, దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో మొదలైంది. ఆ డిస్కు సామర్థ్యం 10 మెగాబైట్లు. ఇవాళ ఫోనుతో తీసిన మూడు నాలుగు ఫోటోలు వేస్తే నిండిపోతుంది. అంత చిన్న డిస్కును కూడా ముక్కలు చేయవలసిన అవసరం ఏమొచ్చిందంటే, కారణం మన కారణమే! డాస్‌తో పాటు మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అదే డిస్కులో ఉండాలని కోరేవారు ఆనాడే ఉన్నారు.

అప్పటి ఏర్పాటు చాలా పొదుపైనది. డిస్కులో మొట్టమొదటి గడి ఒక్కటే, అంటే 512 బైట్లే ఈ పని మొత్తానికి. అందులో 446 బైట్లు కంప్యూటరును లేపే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి. 64ను 16తో భాగిస్తే నాలుగు. అందుకే పాత పద్ధతిలో నాలుగు పార్టిషన్లకు మించి కుదరవు. తరవాత అవసరాలు పెరిగితే, నాలుగింటిలో ఒకదాన్ని పెద్ద దొడ్డిగా చేసి దాని లోపల మళ్ళీ చిన్న చిన్న ముక్కలు చేసుకునే ఉపాయం కనిపెట్టారు. ఇంకో చిక్కు కూడా ఉంది. గడి నంబరు రాయడానికి 32 బిట్లే కేటాయించారు గనుక సుమారు 2.2 టెరాబైట్లు దాటిన జాగాను ఈ పట్టిక అసలు లెక్కలోకి తీసుకోలేదు. ఈ పద్ధతిని ఎం.బీ.ఆర్. అంటారు.

ఇప్పటి కంప్యూటర్లలో ఉన్నది జీ.పీ.టీ. పద్ధతి. దీనిలో మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది. నాకు బాగా నచ్చిన విషయమేమిటంటే, పట్టికకు నకలు ఒకటి డిస్కు చిట్టచివర కూడా ఉంటుంది. మొదట్లోది చెడిపోతే చివరిదాన్ని చూసి బాగుచేయవచ్చు. పట్టికలో అక్షరం మారితే పట్టుకునే సరిచూపు సంఖ్య కూడా ఉంటుంది. అయితే ఈ నకలును చూసుకుని మురిసిపోకండి. మనంతట మనమే ఒక పార్టిషన్‌ను కొట్టేస్తే రెండు ప్రతులలోనూ ఒకేసారి కొట్టేస్తుంది. ఇది నేను అనుభవపూర్వకంగా చెబుతున్న మాట.

ఇక నా కథ. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే కిటికీ తెరిస్తే నాకు ఐదు ముక్కలు కనిపించేవి. మొదటిది 100 మెగాబైట్ల చిన్నది, రెండోది విండోస్ ఉండే సీ, మూడోది మరమ్మతు కోసం ఉంచిన రికవరీ, తరవాత డీ, చివర ఈ. డీ, ఈ రెండూ చెరి 150 గిగాబైట్లు. ఈలో ఉన్నదంతా డీలోకి మార్చి, ఖాళీ అయిన ఈ స్థలాన్ని లినక్స్‌కు ఇద్దామని నా పథకం. డీలో రెండు సెమిస్టర్ల ప్రాక్టికల్ రీడింగులున్నాయి. అంతకంటె ముఖ్యం, మా నాయనమ్మ పోవడానికి ముందు సంక్రాంతికి తీసిన ఫోటోలున్నాయి. ఆ ఫోను తరవాత నీళ్ళలో పడి పోయింది. వేరే ప్రతి లేదు.

లినక్స్ ఉన్న పెన్ డ్రైవుతో కంప్యూటరును లేపి, జీపార్టెడ్ అనే ప్రోగ్రాము తెరిచాను. అందులో డీ, ఈ అన్న పేర్లు లేవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వరస నంబర్లున్నాయి. ఈ అనేది ఐదోది కదా అని ఎస్‌డీఏ5ను కొట్టేసి, పైనున్న టిక్కు గుర్తు నొక్కాను.

పోయింది డీ!

ఎందుకలా జరిగింది? విండోస్ తన సొంతానికి 16 మెగాబైట్ల ఒక చిన్న పార్టిషన్‌ను మొదటిదాని తరవాతే పెట్టుకుంటుంది. దాన్ని తన డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూపించదు. లినక్స్ మాత్రం ఉన్నదంతా చూపిస్తుంది. కనుక విండోస్‌లో ఐదోది లినక్స్ లెక్కలో ఆరోది. పైగా డీ, ఈ అనే అక్షరాలు డిస్కు పట్టికలో రాసి ఉండవు. అవి విండోస్ తన ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేర్లు. పక్కింటివాళ్ళకు అవి తెలియవు. పట్టిక పక్కన “వాడిన జాగా” అని ఒక గడి ఉంది, దాన్ని చూసినా ఖాళీ ఏదో నిండినది ఏదో తెలిసిపోయేది. తొందరలో చూడలేదు.

నా ముఖం చూసి పై సంవత్సరం అన్న ఒకాయన వచ్చాడు. ఆయన మొదట అన్న మాట, “ఇంకేమీ ముట్టుకోకు.” దాని అర్థం ఇప్పుడు మీకూ తెలుసు. కొట్టేసింది అడంగల్‌లో వరస మాత్రమే, పైరు అలాగే ఉంది. ఆ ఖాళీలో కొత్తగా ఏదన్నా రాస్తేనే పైరు మీద అరక తోలినట్టు. ఆయన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామును నడిపాడు. అది డిస్కునంతా వెతుకుతూ పోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరికలో, ప్రతి పార్టిషన్ మొదటి గడిలో “నేను ఫలానా, నా పొడవు ఇంత” అనే వివరం ఉంటుంది. దాని నకలు ఆ పార్టిషన్ చివరి గడిలో ఉంటుంది. పాత హద్దు రాయి మట్టిలో కూరుకుపోయి ఉన్నా పలుగుకు తగిలినట్టు, ఆ గడి దానికి దొరికింది. పట్టికలో వరసను తిరిగి రాయించాం. నాయనమ్మ ఫోటోలు తెరుచుకున్నాయి. ఆ పూట నేను మెస్సుకు వెళ్ళనే లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాది పాతకాలపు తిరిగే డిస్కు కనుక, కొట్టేసి ఊరుకున్నాను కనుక బతికిపోయాను. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో కొత్త ఫార్మాటు చేశారంటే, ఆ జాగా ఇక అక్కర్లేదని డిస్కుకు కబురు వెళుతుంది, అది లోపల తుడిచేసుకుంటుంది. అప్పుడు ఏ అన్నా రక్షించలేడు. కాబట్టి ముఖ్యమైనవి ముందు పెన్ డ్రైవులోకి ఎక్కించండి. పార్టిషన్లకు విండోస్‌లో ఉండగానే లేబుల్ పేరు పెట్టండి. ఆ పేరు పార్టిషన్ లోపలే రాసి ఉంటుంది గనుక లినక్స్‌కూ కనిపిస్తుంది. నాది ఇప్పుడు “ముట్టుకోవద్దు” అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

నాకులాగా ఈ డ్రైవు లేనివారు సీ నుంచే కొంత కోసుకోవాలి. ఆ కోత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయించడం మంచిది, దాని ఇంటి సంగతి దానికే తెలుసు. 200 గిగాబైట్లు ఖాళీ ఉన్నా, ఒక్కోసారి 60కి మించి ఇవ్వనంటుంది. కారణం, కదపరాని ఫైళ్ళు కొన్ని మధ్యలో కూర్చుని ఉంటాయి. అటువైపు గట్టు జరపాలంటే ఆ ఫైలు లేవాలి. హైబర్నేషన్‌నూ, పేజింగ్ ఫైలునూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి చూస్తే తరచు లొంగుతుంది. వచ్చిన ఖాళీని ఖాళీగానే వదిలేయండి, అందులో కొత్త డ్రైవు సృష్టించకండి. ఎంత ఇవ్వాలి అంటే, ఉబుంటు వంటిదానికి 25 చాలునంటారు గాని, నా మటుకు 60కి తక్కువైతే ఆరు నెలల్లో ఇరుకవుతుంది. తరవాత పెంచుకుందాంలే అనుకోవడం తేలిక కాదు. పక్కనే ఆనుకుని ఖాళీ ఉండాలి. కుడిపక్కన ఉంటే చివరి హద్దు నంబరు మార్చితే సరిపోతుంది. ఎడమపక్కన ఉంటే లోపలి సమాచారాన్నంతా వెనక్కి జరిపి రాయాలి, అది గంటల పని. మధ్యలో కరెంటు పోతే మరి చెప్పనక్కర్లేదు. హోమ్‌కు వేరే, స్వాప్‌కు వేరే అని ముక్కలు పెంచమనేవారున్నారు. చిన్న డిస్కుకు అన్ని గట్లు వేస్తే గట్లకే నేల పోతుందని నా అభిప్రాయం. స్వాప్‌కు ఇప్పుడు ఒక ఫైలు చాలు.

మొదటిదైన ఆ 100 మెగాబైట్ల ముక్కను మాత్రం చిన్నదని చులకన చేయకండి. దాని పేరు ఈ.ఎఫ్.ఐ. పార్టిషన్. అన్నదమ్ములు పొలం పంచుకున్నా బోరు ఉమ్మడిగా ఉంచుకున్నట్టు, రెండు సిస్టమ్‌లకూ అదొక్కటే. కంప్యూటరును నొక్కగానే లోపలి ఫర్మ్‌వేరు ముందు ఇక్కడికే వస్తుంది. విండోస్‌ను లేపే ఫైళ్ళు ఒక ఫోల్డరులో, లినక్స్‌వి ఇంకో ఫోల్డరులో, ఒకదానికొకటి అడ్డు లేకుండా ఉంటాయి. లినక్స్ వేసేటప్పుడు దీన్ని వాడుకోమని చెప్పాలే గాని, ఫార్మాట్ చేయమని చెప్పరాదు. చేస్తే విండోస్ డిస్కులో ఉంటుంది, లేవదు! “ముందు విండోస్, తరవాత లినక్స్” అనే మాట పాత ఎం.బీ.ఆర్. నాటిది. అప్పుడు లేపే ప్రోగ్రాముకు ఉన్న 446 బైట్ల చోటు ఒక్కటే కనుక, తరవాత వచ్చిన విండోస్ మొదటిదాన్ని తుడిచి తనది రాసుకునేది. ఇప్పుడంత దౌర్జన్యం లేదు. అయినా ఆ వరస పాటిస్తే, లినక్స్‌తో వచ్చే గ్రబ్ విండోస్‌ను కూడా పట్టీలో చూపించడానికి వీలవుతుంది. మనకు పని తగ్గుతుంది.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. 2012లో విండోస్ 8తో వచ్చింది. అది ఉంటే, మనం ఆపేశామనుకున్నా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ సమయంలో లినక్స్ వెళ్ళి అదే పార్టిషన్‌లో రాస్తే, లేచాక దాని లెక్క ఒకటి, డిస్కు లెక్క ఒకటి. దాన్ని ఆపివేయవలసిందే. అలాగే బిట్‌లాకర్ తాళం పడి ఉందేమో చూసుకుని, 48 అంకెల రికవరీ తాళాన్ని కాగితం మీద రాసుకోండి. హద్దులో, లేచే వరసలో మార్పు కనిపిస్తే అది ఆ అంకెలు అడగవచ్చు. ఇంకొకటి, లినక్స్ వేసుకున్న ముక్క విండోస్‌కు అర్థం కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరూ ఊరూ లేకుండా కనిపిస్తుంది. వృథాగా పడి ఉందనుకుని తమ్ముడో చెల్లెలో కొట్టేయకుండా ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి.

అంతా అయ్యాక మూడో రోజున విండోస్‌లోకి వెళితే, సాయంత్రం 4 గంటలప్పుడు గడియారం ఉదయం 10:30 చూపించింది. మా రూమ్మేటు మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని తేల్చి నాచేత కొత్తది కొనిపించాడు. మార్చినా అదే వరస. తీరా చూస్తే తేడా ప్రతిసారీ ఐదున్నర గంటలే. లినక్స్ లోపలి గడియారంలో గ్రీనిచ్ సమయం రాసిపెడుతుంది, విండోస్ అక్కడున్నదే మన సమయమనుకుంటుంది. లినక్స్‌లో ఒక సెట్టింగు మార్చి మన సమయమే రాయమన్నాను, సరిపోయింది. పాత బిళ్ళ ఇంకా నా డ్రాయరులో ఉంది. ఎవరికైనా కావాలంటే తీసుకోవచ్చు, బాగానే పనిచేస్తుంది.