మీకు తెలుసా? నీరు పారెడి లోదుస్తులు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునుండి వెలుపలికి వచ్చి పనిచేయు అమెరికా వ్యోమగామి తన తెల్లని కవచము లోపల ధరించు లోదుస్తులలో, చన్నీరు ప్రవహించు సన్నని గొట్టములు దాదాపు 91 మీటర్ల పొడవున అల్లబడియుండును.

నీడపట్టున వస్తువుల ఉష్ణోగ్రత సున్నకు దిగువన 150 డిగ్రీల సెల్సియస్ వరకు జారు ఆ శూన్యములో చలువ యేల యని పిల్లలు అడుగవచ్చును, అడుగవలసిన ప్రశ్నయే. గాలి లేని చోట, వేడిమి దాటరాని పలుపొరల కవచములో బంధింపబడిన దేహము తాను పుట్టించిన వేడిని తానే భరింపవలసివచ్చును. 1966 జూన్‌లో జెమిని-9 నౌకనుండి వెలుపలికి వచ్చిన యూజీన్ సెర్నన్, కేవలము వాయుప్రసారముచే చల్లబడు దుస్తులు ధరించియుండుటచే, శ్రమాధిక్యమున చెమటలు గ్రమ్మి, శిరస్త్రాణపు అద్దము ఆవిరిపట్టి మసకబారగా, కన్నులకేమియు కానరాక, తలపెట్టిన పరీక్షను మాని లోనికి మరలెను. చంద్రునిపై నడచిన అపోలో యాత్రికులకు నీటిగొట్టముల దుస్తులే సమకూర్చబడెను.

ఆ నీరు దేహమునుండి గ్రహించిన వేడి పోవుటెట్లు? వీపుమీది పెట్టెలో వేరొక నీరు సూక్ష్మరంధ్రములు గల లోహఫలకమున మంచుగా గడ్డకట్టి, ఆ వేడిని గ్రహించి, కరగకయే ఆవిరియై శూన్యములో కలిసిపోవును. మట్టికుండ చెమర్చి నీటిని చల్లబరచు విధమునకు ఇది దగ్గరి చుట్టమే. గంటలకొలది పనిచేయు వ్యోమగామి తనకెంత చల్లదనము కావలయునో, ఎదపైనున్న మరను త్రిప్పి తానే నిర్ణయించుకొనును.