పెద్దకర్మ అయ్యాక

పోయిన ఏడాది వేసవిలో మా వారు గుండెపోటుతో పోయారు. ఆయనకు యాభై ఒకటో ఏడు. తెల్లారి ఏసీ మెకానిక్‌కి ఫోన్ చేయాలనుకుంటూ పడుకున్న మనిషి. నేను తెనాలిలో లెక్కల టీచర్ని. ఇలా ఉన్నట్టుండి ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

మంచానపడి పోయినవాళ్ల ఇంట్లో దుఃఖం ముందునుంచే కొంచెం కొంచెంగా మొదలవుతుంది. హఠాత్తుగా పోతే ఆ వ్యవధి దొరకదు. జరిగింది మనసుకి ఎక్కేలోపే కర్మకాండ అయిపోతుంది. ఆ పదకొండు రోజులూ ఇంటినిండా జనమే. తర్వాత షామియానా విప్పుతారు, కుర్చీలు ఆటోలో వెళ్లిపోతాయి. నాకు అసలు కష్టం అప్పుడు మొదలైంది.

గ్యాస్ కనెక్షన్ ఆయన పేరు మీదే. సిలిండర్ తెచ్చిన అబ్బాయి అడిగే నంబరు ఆయన ఫోనుకే వస్తుంది. కరెంటు మీటరు ఆయన పేరే. బాబు కాలేజీ ఫీజు కట్టే ఖాతాకి ఓటీపీ కూడా ఆ ఫోనుకే. అందుకని ఆ సిమ్ముకి రీచార్జి చేయిస్తూ వచ్చాను. అది మోగేది. అవతల ఎవరో, "అన్నగారు ఉన్నారా అండీ?" అనేవారు. లేరని చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నోటికి అలవాటు కాలేదు.

ఈ కాగితాల పని కూడా దుఃఖంలో భాగమేనని ఎవరూ ముందు చెప్పరు. చావు సంగతి 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. మా మరిది మునిసిపాలిటీకి వెళ్లి ధ్రువపత్రాలు కట్టగా తెచ్చాడు. "ఒక్కోచోట ఒరిజినలే అడుగుతారు వదినా" అన్నాడు. బ్యాంకు పాసుబుక్కు తిరగేస్తే ఏటా 436 రూపాయలు కట్ అయినట్టుంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు వస్తాయి. మీరూ పాసుబుక్కు ఒకసారి చూసుకోండి. అన్నీ ఒకేసారి నెత్తినేసుకోకుండా వారానికి ఒక ఆఫీసు పని చొప్పున పెట్టుకున్నాం. ఆ పని ఉన్న రోజు సాయంత్రం ఇంకేమీ పెట్టుకునేదాన్ని కాదు. ఏడుపొస్తే ఏడ్చేదాన్ని.

దుఃఖానికి ఐదు దశలుంటాయని చాలామంది చెబుతారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకంలోని మాట అది. ఆవిడ చూసింది చావుకి దగ్గరైన రోగుల్ని. వెనక మిగిలినవాళ్లు కూడా ఆ మెట్లు వరసగా ఎక్కాలని ఎక్కడా లేదు. నాకు దగ్గరగా అనిపించింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పినది. మనిషి కాసేపు దుఃఖంలో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ దుఃఖంలోకి వస్తాడు. ఈ రాకపోకలే తేరుకునే దారి అంటారు వాళ్లు. తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెబుతుంటే ఒక్కోసారి పీరియడంతా ఆయన గుర్తుకొచ్చేవారు కాదు. బెల్లు కొట్టగానే, ఎలా మర్చిపోయానా అని గుండె పట్టేసేది. ఆ మరుపు ద్రోహం కాదు, మనసు తీసుకునే విశ్రాంతి. ఇది చదివాక నాకు ఊపిరి ఆడింది.

ఒకే మనిషి కోసం ఒకే ఇంట్లో తలో రకంగా ఏడుస్తారు. మా అత్తగారు నలుగురిలో కంట తడి పెట్టలేదు. ఎప్పుడు చూసినా గోరుచిక్కుళ్లు ఒలుస్తూనో, బియ్యంలో రాళ్లేరుతూనో ఉండేవారు. కొందరు ఆవిడది రాతిగుండె అన్నారు. కొడుకుని పోగొట్టుకున్న తల్లిని అనాల్సిన మాటా అది? నా బొట్టు తీయించాలని బంధువులు పట్టుబడితే, "నా కోడలి జోలికి రావద్దు" అని గుమ్మంలో నిలబడి చెప్పింది ఆవిడే. బాబు మాత్రం గది తలుపేసుకునేవాడు. వాణ్ని మాట్లాడమని బలవంతపెట్టలేదు. రాత్రి అన్నం మాత్రం ముగ్గురం కలిసే తినాలన్నాం.

"ధైర్యంగా ఉండు, పిల్లాడి మొహం చూసి బతకాలి" అని అందరూ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట విన్నాక ఏడుపు దాచుకోవాల్సి వస్తుంది. దాచుకున్న ఏడుపు నిద్రనీ ఆకలినీ తినేస్తుంది. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు చేసుకోలేనంతగా దుఃఖం పట్టి ఉంటే, దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆరు నెలలు కాదు, ఆరు గంటలు కూడా ఆగొద్దు. ఇంట్లోవాళ్లకి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీరు పెద్దకర్మకి వెళ్లొచ్చిన ఇల్లేదైనా ఉంటే, నెల దాటాక మళ్లీ ఒకసారి వెళ్లండి. "ఏం కావాలన్నా అడుగు" అంటే మాకు అడగడం చేతకాదు. "మంగళవారం బ్యాంకుకి నేనూ వస్తాను" అనండి. పోయిన మనిషి పేరెత్తడానికి జంకకండి. మేం ఏడిస్తే కాసేపు ఏడవనివ్వండి.