పీసీ పార్ట్స్: ఊళ్లో షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఉండి పీసీ బిల్డ్ చేయాలనుకుంటున్నారా? అయితే రేటు ఒక్కటే చూడకండి. పార్ట్ పాడైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే తేల్చుకోండి.

ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ లాంటి వాటికి వారంటీ ఎక్కువగా సీరియల్ నంబర్, బిల్లు మీదే నడుస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం బాక్స్ ప్యాకే కొనండి. ట్రే పీస్ అయితే సాధారణంగా కంపెనీ కాదు, అమ్మినవాళ్లే వారంటీ చూసుకోవాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం మర్చిపోవద్దు.

మదర్‌బోర్డ్, మానిటర్ మాత్రం షాపులో కొంటేనే నయం. ఇంటెల్, ఏఎం5 బోర్డుల్లో పిన్స్ సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్క పిన్ వంగినా వారంటీ దగ్గర పేచీ వస్తుంది. షాపులో అయితే కళ్లముందే తెరిచి చూసుకోవచ్చు, మానిటర్ ఆన్ చేయించి డెడ్ పిక్సెల్స్ ఉన్నాయేమో చెక్ చేసుకోవచ్చు. పాడైతే సర్వీస్ సెంటర్‌కి వాళ్లే పంపిస్తారా అని కూడా అడగండి.

చెప్పిన రేటులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో కనుక్కోండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. రేపు వారంటీకి ఆ బిల్లే ఆధారం.

సికింద్రాబాద్ సీటీసీకో, బెంగళూరు ఎస్పీ రోడ్‌కో వెళ్తే, రిప్లేస్‌మెంట్ కోసం మళ్లీ వెళ్లాల్సిన బస్ ఛార్జీ కూడా లెక్కేయండి.

ఆన్‌లైన్ సెల్లర్ పట్టించుకోకపోతే 1915కి కాల్ చేయండి. అప్పటికీ తేలకపోతే, సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు.