అత్తమ్మ ఓటు ఏమైంది?

అది 2024 మే నెల 13వ తేదీ. ఆ రోజు తెలంగాణలో లోక్‌సభ ఎన్నికలు. పొద్దున 7 గంటలకే పోలింగు మొదలైంది.

అది ఒక పల్లెటూరు. ఆ ఇంట్లో ముగ్గురు ఓటర్లు. అత్త, కొడుకు, కోడలు. అత్తకు యాభై దాటాయి. ఈ మధ్యనే రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఇంతకు ముందు ఓటు వేసినప్పుడల్లా వేలిముద్రే వేసింది. ఈసారి సంతకం పెట్టాలని ఆమె ఆశ.

"ఎండ ముదరక ముందే పోయొద్దాం పాండ్రి" అన్నది అత్త.

కోడలిది వేరే ఊరు. పెళ్లయినా ఆమె పేరు పుట్టింటి ఊరి జాబితాలోనే ఉండేది. ఎన్నికలు రాకముందే ఆమె ఫారం 8 నింపి ఇచ్చింది. పేరు అత్తగారి ఊరికి మారింది.

ముగ్గురూ ఊరి బడికి పోయారు. అదే పోలింగు బూత్. ఆడవాళ్లది ఒక వరస. మగవాళ్లది ఒక వరస.

లోపల ఏం జరుగుతుంది?

ముందు కోడలు లోపలికి పోయింది. మొదటి ఆఫీసరు ఆమె గుర్తింపు కార్డు చూశాడు. పేరు గట్టిగా చదివాడు. జాబితాలో ఆ పేరు దగ్గర గీత గీశాడు. రెండో ఆఫీసరు ఎడమ చేతి చూపుడు వేలికి సిరా పెట్టాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకొని చీటీ ఇచ్చాడు. మూడో ఆఫీసరు ఆ చీటీ తీసుకొని మిషను మీట నొక్కాడు.

కోడలు అట్ట చాటుకు పోయింది. తనకు నచ్చిన గుర్తు పక్కన ఉన్న నీలం మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. పక్క పెట్టె అద్దంలో ఒక చీటీ కనిపించింది. దాని మీద ఆమె ఓటు వేసిన గుర్తే ఉంది. ఏడు సెకన్ల తరువాత చీటీ పెట్టెలో పడింది. బీప్ మని మోగింది. ఓటు పడింది.

"నీ ఓటు పడిపోయిందమ్మా"

తరువాత అత్త వంతు. మొదటి ఆఫీసరు జాబితా చూశాడు.

"నీ ఓటు పడిపోయిందమ్మా. ఇక్కడ గీత ఉంది" అన్నాడు.

అత్త గుండె జల్లుమన్నది. వెనక నుంచి ఎవరో అన్నారు. "పోనీలే పెద్దమ్మా, ఒక్క ఓటుకు ఏమైతది?"

ఇదివరకైతే అత్త మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చేసేది. ఈసారి కదల్లేదు. ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

"సారూ, నా వేలు చూడు. సిరా ఉన్నదా? నేను ఇప్పుడే వస్తున్న. నా ఓటు నేను వెయ్యలే."

ఆమెను ప్రిసైడింగు ఆఫీసరు దగ్గరికి పంపారు. బూత్‌కు ఆయనే పెద్ద. కార్డు మీద ఫోటో చూశాడు. పెనిమిటి పేరు, ఇంటి నంబరు అడిగాడు. అత్త తడుముకోకుండా చెప్పింది. ఆయనకు నమ్మకం కుదిరింది.

"అమ్మా, మీ పేరు మీద ఒక ఓటు పడింది. కాబట్టి మీరు మిషను మీద వేయడానికి లేదు. మీకు కాగితం ఇస్తాను. దాని మీద వేయండి. దీన్ని టెండరు ఓటు అంటారు" అని చెప్పాడు.

ముందు ఒక ఫారం మీద సంతకం పెట్టమన్నాడు. అత్త కలం పట్టుకుంది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. కాగితం తీసుకొని చాటుకు పోయింది. తనకు నచ్చిన గుర్తు మీద ముద్ర వేసింది. మడిచి ఆఫీసరుకు ఇచ్చింది. ఆయన దాన్ని వేరే కవరులో పెట్టాడు.

ఆ ఓటు వల్ల లాభం ఏమిటి?

టెండరు ఓట్లను మామూలు లెక్కింపులో కలపరు. సీలు వేసి దాస్తారు. గెలుపు మీద ఎవరైనా హైకోర్టుకు పోతే, కోర్టు చెబితే వాటిని బయటికి తీస్తారు. ఒకరి ఓటు ఇంకొకరు వేయడం నేరం. అడగకుండా ఇంటికి పోతే ఆ నేరం ఎవరికీ తెలియదు. అడిగితే అది కాగితం మీదికి ఎక్కుతుంది.

ఒక్క ఓటే కదా అనుకోవద్దు. 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్లిలో ఎమ్మెల్యే గెలిచింది ఒకే ఒక్క ఓటుతో. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కూడా అంతే.

పేరు లేక పోయిన ఓట్లు

మన దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా ఓటు వచ్చింది. కాని ఉత్తర భారతంలో చాలామంది ఆడవాళ్లు జాబితా రాసేవాళ్లకు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వాడి తల్లిని", "ఫలానా వాడి పెళ్లాన్ని" అని చెప్పారు. పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల సంఘం చెప్పింది. అట్లా సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లు ఓటు పోగొట్టుకున్నారు.

ఆనాడు వాళ్లు పేరు చెప్పలేకపోయారు. ఈనాడు ఈ అత్త తన పేరు చెప్పింది. రాసింది కూడా.

ఇంటికి వస్తుంటే కొడుకు అడిగాడు. "అమ్మా, ఎవరికి వేసినవే?"

"నీ ఓటు సంగతి నేను అడిగిన్నా బిడ్డా? నాది నువ్వు అడగకు" అన్నది అత్త. కోడలు ముసిముసిగా నవ్వింది.

గుర్తు పెట్టుకోండి

* 18 ఏళ్లు నిండితే ఓటు హక్కు వస్తుంది. కొత్తగా పేరు రాయించడానికి ఫారం 6 ఇవ్వాలి. ఊరు మారితే ఫారం 8 ఇవ్వాలి.
* ఎన్నికలు రాకముందే జాబితాలో మీ పేరు చూసుకోండి. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోను చేయండి.
* ఇంటికి వచ్చే ఓటరు చీటీ ఒక్కటే చాలదు. గుర్తింపు కార్డు కూడా తీసుకుపోండి.
* మీ ఓటు ఎవరో వేశారని చెబితే తిరిగి రావద్దు. టెండరు ఓటు అడగండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎంతమందికి ఓటు ఉంది? అందరి పేర్లూ జాబితాలో ఉన్నాయా?
2. అత్త అడగకుండా తిరిగి వస్తే ఏమయ్యేది?