కవలదూడలలోని పెయ్య చూలు కట్టునా?

శ్రావణమాసము మొదలు మార్గశిరము ముగియు వఱకు మన ఇబ్రహీంపట్నము పల్లెలలో బఱ్ఱెల యీతకాలము. గోదావరి యొడ్డు గ్రామములు మొదలుకొని మెట్‌పల్లి బాట వఱకు ఏ కొట్టములో చూచినను చూడి పశువులే కనబడును. బఱ్ఱె పదినెలల పదిదినములు చూలు మోయును. పగలు తగ్గి చలి సోకిన కాలముననే అది యెక్కువగా ఎదకు వచ్చును గనుక, లెక్క వేసి చూచిన ఈత వానకాలమునకును శీతకాలపు మొదటికిని వచ్చి పడును. ఆవు మోయునది తొమ్మిదినెలల పదిదినములు. దానికి ఋతునియమ మంతగా లేదు. ఏది యీనినను పచ్చిగడ్డి దొరకు దినము లివి. బఱ్ఱె కొనుటకు సంఘమున అప్పు దీసికొనిన సభ్యుడు కిస్తు కట్టుటకు ఈ పాడిమీదనే ఆశ పెట్టుకొని యుండును.

ఇట్టి దినములలో ఏ యింటనో ఆవు రెండు దూడలను వేసినదన్న వార్త పుట్టును. ఊరందఱును వచ్చి చూచిపోవుదురు. ఇది యబ్బురమే, మన నాటి ఆవులలో నూఱు ఈతలకు ఒక కవలయీత యైనను అరుదు, బఱ్ఱెలలో మఱింత అరుదు. పాలకు పేరుపొందిన హోల్‌స్టీన్ మందలలో మాత్రము నూటికి 3 మొదలు 5 వఱకు కవలయీతలు కలుగుచుండును. సంకరజాతి ఆవులు మన కొట్టములలో హెచ్చుచున్న కొలది ఈ వార్తయు తఱచుగా వినబడవచ్చును.

చూడవచ్చిన పెద్దలలో నొకరు తల యాడించుటయు కద్దు. ఆవులు, బఱ్ఱెలు, గుఱ్ఱములు కవలల నీనుట కీడని వరాహమిహిరుని బృహత్సంహితలోనే యున్నది. సింహమాసమున ఆవు, మాఘమాసమున బఱ్ఱె ఈనరాదను మాటయు మన పల్లెలలో వినుచునే యున్నాము. ఈ భయముచేత మంచి పాడిపశువును సగము ధరకు దొబ్బివేసిన యిండ్లు లేకపోలేదు. పశువు ఏ నెలలో ఈనునో నిర్ణయించునది అది చూలు కట్టిన దినమే గాని వేఱొకటి కాదు; దానికిని యజమానుని యాయుస్సునకును ముడి లేదు. అయితే కవలయీతయందు రైతునకు నిజమైన నష్ట మొకటి కలదు. ఆ సంగతి తల యాడించినవారు చెప్పరు.

ఆవు వేసిన రెండు దూడలలో ఒకటి కోడెయు ఒకటి పెయ్యయు నైనచో, ఆ పెయ్య నూటికి తొంబదిపాళ్లకు పైగా గొడ్డుదే. అది ఎదకు రాదు, చూలు కట్టదు, పాలీయదు. రెండును పెయ్యలే యైనచో ఈ చిక్కు లేదు, రెండును పాడికి వచ్చును. రెండును కోడెలైనచో కాడికి జత కుదిరినదని సంతోషింపవచ్చును. పెయ్యతో గూడ పుట్టిన కోడె సేద్యమునకు నిక్షేపముగా పనికివచ్చును. ఆబోతుగా విడువదలచినచో మాత్రము ముందుగా వైద్యునకు చూపుట మేలు.

ఈ మాట నమ్ముట మనవారికి కష్టమగుటకు హేతువు మేకలు. మేక రెండేసి పిల్లలను వేయుట నిత్యమును చూచుచున్నాము. పోతుతో పుట్టిన పెంటిపిల్ల పెరిగి తల్లియగుటయు చూచుచున్నాము. మేక కడుపున పిల్లల మాయల నెత్తురుదారులు ఒకదానితో నొకటి కలియుట మిక్కిలి అరుదు. ఆవు కడుపున అట్లు కాదు. చూలు కట్టిన నెల నాళ్లు గడచిన పిమ్మట రెండు మాయల నెత్తురునాళములు ఏకమగును. కోడెపిండము నెత్తురు పెయ్యపిండమునకు ప్రవహించును. మగతనమునకు సంబంధించిన స్రావములు ఆ నెత్తురుతో కూడ వచ్చి పెయ్య యొక్క గర్భకోశమును అండకోశములను ఎదుగనీయక అణచివేయును. వెలుపలికి మాత్రము అది చక్కని పెయ్యగానే యుండును. మోసమంతయు అందులోనే యున్నది.

ఇట్టి పెయ్యలను కోసి చూచి ఇంగ్లండులో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు 1779లోనే వ్రాసియుండెను. కారణమును 1916, 1917 సంవత్సరములలో చికాగో విశ్వవిద్యాలయమునందలి ఫ్రాంక్ లిల్లీ వివరించెను. మఱియొక చిత్రము. కవలదూడలు ఒకదాని నెత్తుటిజాతిని మఱియొకటి జీవితమంతయు మోయుచుండునని 1945లో అమెరికాయందు రే ఓవెన్ కనిపెట్టెను. ఒకరి యవయవమును వేఱొకరి దేహము ఏల త్రోసివేయును, ఎప్పుడు సహించును అను విచారణకు ఆ దూడలు దారిచూపినవి. ఆ విచారణకే 1960లో బర్నెట్, మెదావర్ అను నిరువురికి నోబెల్ బహుమాన మిచ్చిరి. కొట్టములోని కవలదూడలకు ఇంత ప్రతిష్ఠ కలదని ఎంతమంది యెఱుగుదురు!

ఇక మన లెక్కకు వత్తము. నాటుపెయ్య ఎదకు వచ్చుటకు ఇంచుమించు మూడేండ్లు పట్టును. ఆ మూడేండ్లును దానికి వరిగడ్డియు మక్కచొప్పయు వేయవలెను, తవుడు పెట్టవలెను. తరువాత ‘నేడు వచ్చును, రేపు వచ్చును’ అని ఎదురుచూచుచు, మందులు వాడుచు, మఱి యొక యేడాది గడపుదురు. ఇంటి ఇల్లాలు తన చేతివాటమునందే లోపమున్నదని నొచ్చుకొనుటయు గలదు. ఆ గడ్డియే మఱియొక పెయ్యకు వేసియున్నచో ఈపాటికి చెంబెడు పాలు కనబడియుండును.

ఇంత కాలము ఎదురుచూడ నవసరము లేదు. దూడకు నెల నిండుసరికి పశువైద్యుడు నునుపైన మొద్దుకొన గొట్టమునకు నూనె రాచి యోనిమార్గపు లోతును కొలుచును. మామూలు పెయ్యకు అది అయిదాఱు అంగుళములు పోవును. గొడ్డుపెయ్యకు రెండుమూడంగుళముల వద్దనే అడ్డుపడును. సందేహమున్న నెత్తురు పరీక్ష చేయించవచ్చును. రైతు తానే పుల్లతో ప్రయత్నింపరాదు. లోపల గాయమైన దూడయే దక్కదు. కోరుట్లలో పశువైద్య కళాశాలయే యున్నది గనుక మనకు ఇది దూరపు పనియును కాదు. పరీక్షయందు గొడ్డని తేలినచో, ఎరువు కొఱకు ఉంచుకొందురో, ఏమి చేయుదురో అది రైతు ఇష్టము. ఆ సంగతి దాచి పాడిపెయ్యయని అంగడిలో నమ్ముట మాత్రము సాటిరైతు కొట్టములో మూడేండ్ల గడ్డిని దొంగిలించుటయే. కొనువారును ‘దీని తోడబుట్టిన దేది?’ అని యడిగి మఱీ పగ్గము పట్టవలెను.

పరీక్షింపవలెనన్న దూడ బ్రతికి యుండవలెను గదా. కవలయీత తఱచుగా వారము పది దినములు ముందే వచ్చును. దూడలు చిన్నవిగాను బలహీనముగాను పుట్టును. రెండు కాళ్లు వెలుపలికి కనబడగానే కొందఱు త్రాడు కట్టి లాగుదురు. ఆ కాళ్లు రెండును ఒకే దూడవని నమ్మకమేమి? ఒకదాని కాలు, రెండవదాని కాలు కలిపి లాగినచో తల్లియు పిల్లలును మువ్వురును పోవుదురు. తలయు కాళ్లును ఒక దూడవేయని తెలియనిచో చేయి పెట్టక వైద్యుని పిలువనంపవలెను. ఒక దూడ పడిన పిమ్మట పశువు మరల మరల ముక్కుచున్నచో లోపల రెండవది యున్నదేమో యని తలచవలెను.

మాయ పడకుండుట కవలయీతలో మిక్కిలి సాధారణము. వ్రేలాడు మాయకు రాయియో పాతచెప్పో కట్టుట మన పల్లెలలో ఇంకను పోలేదు. ఆ బరువునకు మాయ తెగి ముక్క లోపల నిలిచి కుళ్లును, గర్భకోశము చెడును. పండ్రెండు గంటలైనను పడనిచో వైద్యునికి చూపవలెను, చేతితో లాగరాదు.

మాయ పడువఱకు దూడను పొదుగునకు విడువరాదనునది అన్నిటికంటె చెడ్డ వాడుక. దూడ చీకుటవలననే గర్భకోశము ముడుచుకొని మాయ త్వరగా పడును. దూడకు రోగముల నడ్డగించు శక్తి తల్లి ముఱ్ఱుపాలనుండియే వచ్చును. ఆ శక్తిని గ్రహించు గుణము దూడ ప్రేగులకు పుట్టిన గంట మొదలు తగ్గుచు వచ్చి, ఒక దినములో పూర్తిగా పోవును. కావున మొదటి రెండు గంటలలోనే త్రాగింపవలెను. ఇరువది కిలోల దూడకు మొదటి దినమున రెండు లీటరులు కావలెను, కవలలకు నాలుగు. గట్టిదూడ బలహీనమైనదానిని త్రోసివేసి తానే త్రాగును గనుక రెండవదానిని పట్టి చీకించవలెను. తల్లి పొదుగు చాలనిచో ఆ దినములలోనే ఈనిన పొరుగువారి యావు ముఱ్ఱుపాలు అడిగి తేవచ్చును. ఇంటివారి జున్ను రెండవ మూడవ దినముల పాలతోను కుదురును.