బడి మళ్ళీ తెరిచిన రోజు

మార్కమ్ (కెనడా): ఇక్కడ మేమంతా సైట్ మనుషులం. హైవే 7 పొడుగునా లేస్తున్న టవర్లలో కొందరం సెంట్రింగు చూస్తాం, కొందరం రాడ్ బెండింగు, కొందరం కాంక్రీటు. చలికాలంలో ఇంకా చీకటి ఉండగానే ఇల్లు కదులుతాం. పిల్లలు పసుపు రంగు బస్సెక్కే టైముకి మేము ఏ నాలుగో అంతస్తులోనో, పద్నాలుగో అంతస్తులోనో ఉంటాం. పొద్దుట్నుంచి మూడున్నర దాకా మా పిల్లలకు అమ్మయినా నాన్నయినా టీచరే. మామూలు రోజుల్లో ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు. బడిలో జరగరానిది జరిగిన రోజున గుర్తొస్తుంది.

మార్కమ్‌కి దక్షిణాన స్టీల్స్ అవెన్యూ దాటితే టొరంటో. అక్కడ స్కార్‌బరోలో 2022 ఫిబ్రవరి 14న డేవిడ్ అండ్ మేరీ థామ్సన్ కాలేజియేట్ అనే హైస్కూల్లో 18 ఏళ్ళ కుర్రవాడు బడి లోపలే తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది మే 24న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, యువాల్డీ పట్టణంలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు కాల్పులకు బలయ్యారు. ఆ వార్త చల్లారకముందే, మే 26న, స్కార్‌బరోలోని పోర్ట్ యూనియన్ దగ్గర ఓ మనిషి తుపాకీ లాంటిది పట్టుకుని తిరుగుతున్నాడని కబురు. చుట్టుపక్కల బడులన్నీ తలుపులు బిగించుకున్నాయి. ఆ మనిషి పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. ఒంటికి దెబ్బ తగల్లేదు గానీ, మనసుకు తగిలింది.

ఆ వైపు నుంచే మా సైటుకు వచ్చే ఒక మేస్త్రీ కూతురు అప్పుడు రెండో క్లాసు. ఆ రోజు తర్వాత ఆ పిల్ల బడిలో ఒక్కతే బాత్రూమ్‌కి పోనని మొండికేసింది. పొద్దున్న నీళ్ళు తాగడం కూడా మానేసింది. ఇంట్లో అందరూ ‘ఏం కాలేదమ్మా, భయమెందుకు’ అనేవాళ్ళే. క్లాసు టీచర్ మాత్రం ఆ మాట అనలేదు. ‘నీకు భయం వేసింది, అది తప్పు కాదు. ఆ రోజు తలుపు ఎందుకు వేశామో చెప్తాను’ అని కూర్చోబెట్టి చెప్పింది. ఎప్పుడు వెళ్ళాలన్నా తోడు పోయేందుకు ఒక స్నేహితురాలిని పెట్టింది. రెండు వారాలకు ఆ తోడు అవసరం తీరిపోయింది. ఆమె చేసింది పెద్ద వైద్యమేమీ కాదు. నిజం చెప్పింది, తోడిచ్చింది, అంతే. కానీ మాకు ఎవరికీ తట్టనిది అదే.

ముందు మూడు మాటలు

ఇక్కడి బడుల నుంచి మన ఫోనుకు వచ్చే మెసేజీల్లో మూడు మాటలుంటాయి. తేడా తెలియక చాలామంది కంగారు పడుతుంటారు. ‘హోల్డ్ అండ్ సెక్యూర్’ అంటే ప్రమాదం బడి బయట, దగ్గర్లో ఎక్కడో ఉంది. బయటి తలుపులకు తాళాలు వేస్తారు, లోపల పాఠాలు నడుస్తూనే ఉంటాయి. ‘షెల్టర్ ఇన్ ప్లేస్’ అంటే గ్యాస్ లీకు, తుఫాను లాంటివి. బయటికి పంపకుండా లోపలే ఉంచుతారు. ‘లాక్‌డౌన్’ ఒక్కటే అసలు ప్రమాదం. బడి లోపలో, ఆవరణలోనో ముప్పు ఉందని అర్థం. తలుపులు వేసి, లైట్లు తీసేసి, పిల్లల్ని చప్పుడు లేకుండా ఒక మూలన కూర్చోబెడతారు. ఒంటారియోలో ప్రతి బడీ ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ లాక్‌డౌన్ డ్రిల్లు చేయాలి.

ఆ సమయంలో బడి దగ్గరికి పరుగెత్తడం, పిల్లల సెల్‌కి ఫోన్లు చేయడం రెండూ వద్దు. మన కార్లు పోలీసులకు అడ్డం. చీకటి గదిలో మోగే ఫోను పిల్లలకే ప్రమాదం. కష్టమే. కాళ్ళు ఆగవు. కానీ ఆ గదిలో టీచర్ ఉంది.

అలాంటి గదిలో టీచర్లు ఏం చేస్తారో 2012 డిసెంబర్ 14న లోకమంతా విన్నది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో 20 మంది పసివాళ్ళు, ఆరుగురు పెద్దలు చనిపోయిన రోజది. లైబ్రరీ సిబ్బంది తమ దగ్గరున్న పిల్లల్ని సామాన్ల గదిలో దాచి, కాగితాలూ రంగు పెన్సిళ్ళూ ఇచ్చి బొమ్మలు వేయమన్నారు. బయట ఏం జరుగుతోందో తమకే తెలియని స్థితిలో ఆ పని చేశారు. పిల్లల చేతికి పని దొరికింది, మనసుకు ఆసరా దొరికింది.

తెల్లారి బడిలో జరిగేది

సైటులో ఎవరికన్నా ప్రమాదం జరిగితే మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టం. అందర్నీ ఒకచోట చేర్చి, ఏం జరిగిందో తెలిసినంత వరకు చెప్తాం. పుకార్లు ఆపుతాం. చేయి వణికేవాణ్ణి ఆ రోజు పైకి పంపం. బడుల్లో టీచర్లు చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే ఎంతో మెత్తగా చేస్తారు.

పిల్లలు రాకముందే టీచర్లంతా కలుస్తారు. జరిగింది ఏమిటో రెండు మూడు వాక్యాల్లో రాసుకుంటారు. ఏ క్లాసులో చెప్పినా అవే మాటలు. మైకులో చెప్పరు. రోజూ చూసే టీచరే, తన క్లాసులో, పిల్లల కళ్ళలోకి చూస్తూ చెప్తుంది. ‘చనిపోయాడు’ అనే మాటనే వాడతారు. మన ఇళ్ళల్లో ‘నిద్రపోయాడు’, ‘దేవుడి దగ్గరికి పోయాడు’, ‘ఊరెళ్ళాడు’ అంటాం. పెద్దవాళ్ళకు అది మర్యాద. ఐదేళ్ళ పిల్లకు అది కొత్త భయం. నిద్రపోతే లేవకుండా పోతామేమోనని రాత్రిళ్ళు కళ్ళు మూయదు.

ఆ తర్వాత బోర్డు నుంచి సోషల్ వర్కర్లు, సైకాలజిస్టులు వస్తారు. ఒక గది తెరిచి ఉంచుతారు. ఏడవాలనుకున్న పిల్లలు అక్కడికి పోవచ్చు, వద్దనుకుంటే క్లాసులో కూర్చోవచ్చు. ‘చెప్పు, చెప్పు’ అని బలవంతం చేయరు. పోయిన పిల్లవాడి కుర్చీని రాత్రికి రాత్రి తీసేయరు. ఎప్పుడు తీయాలి, దాని మీద పువ్వు పెట్టాలా అనేది క్లాసు పిల్లల్ని అడిగి చేస్తారు. పాఠం తగ్గిస్తారు గానీ గంట మాత్రం మోగిస్తారు. లంచ్ అదే టైముకి, బస్సు అదే టైముకి. పిల్లలకు లోకం ఇంకా నిలబడే ఉందని చెప్పేది ఆ గంటే.

శాండీ హుక్ పిల్లల్ని 2013 జనవరిలో పక్క ఊరు మన్రోలోని వేరే భవనానికి మార్చారు. పాత బడిలోని బల్లలూ, వస్తువులూ అక్కడికే తెచ్చి, వాళ్ళ క్లాసులు వాళ్ళకు పరిచయంగా కనిపించేలా సర్దారు. కొత్త గోడల మధ్య పాత బల్ల. ఇల్లు వదిలి వచ్చిన మనకు ఆ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

టేబర్, బాథర్స్ట్ నేర్పింది

పనిలో ప్రాణాలు కోల్పోయిన కార్మికులను ఈ దేశంలో ఏటా ఏప్రిల్ 28న తలుచుకుంటారు. సైటులో మేమూ ఒక నిమిషం నిలబడతాం. 1999లో అదే తేదీన ఆల్బెర్టాలోని టేబర్ అనే చిన్న పట్టణంలో, డబ్ల్యూ.ఆర్. మయర్స్ హైస్కూల్లో కాల్పులు జరిగి ఒక విద్యార్థి చనిపోయాడు, ఇంకొకరు గాయపడ్డారు. అమెరికాలో కొలంబైన్ ఘటన జరిగి అప్పటికి ఎనిమిది రోజులే. టేబర్‌లో పిల్లల్ని, టీచర్లను ఆదుకునే పనికి నాయకత్వం వహించిన కెవిన్ కామెరాన్ ఆ అనుభవంతోనే తర్వాత కెనడా అంతటా బడుల బృందాలకు శిక్షణ ఇచ్చే పని మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక్కడ ఏదన్నా జరిగితే టీచర్ ఒంటరి కాకుండా ఒక జట్టు వెనక నిలబడుతోందంటే, అలాంటి ఊళ్ళు పడ్డ బాధే కారణం.

2008 జనవరి 12న న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో బాథర్స్ట్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు మాంక్టన్‌లో ఆట ముగించుకుని అర్ధరాత్రి వ్యానులో తిరిగొస్తుండగా పెద్ద ట్రక్కును ఢీకొంది. ఏడుగురు ఆటగాళ్ళు, కోచ్ భార్య చనిపోయారు. ఆమె కూడా టీచరే. అంత చిన్న ఊళ్ళో ఆ పిల్లలు తెలియని ఇల్లు లేదు. ఆ సీజను ఆట అక్కడే ఆగిపోయింది. మరుసటి ఏడాది మళ్ళీ జట్టు కట్టారు. 2009లో ఆ జట్టే రాష్ట్ర ఛాంపియన్ అయింది. కప్పు గెలవడం గొప్పే. అంతకన్నా గొప్పది, ఆ జిమ్‌లో మళ్ళీ బంతి చప్పుడు వినిపించడం. పిల్లల్ని తొందరపెట్టకుండా, అలాగని ఆట శాశ్వతంగా ఆపేయకుండా, వెనక నిలబడ్డ పెద్దలు ఉంటేనే అది జరుగుతుంది.

మన మాసాయిపేట

ఈ సంగతులు చదువుతుంటే మనకు మన ఊరే గుర్తొస్తుంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళంతా తూప్రాన్ మీదుగానే పోతాం. ఆ దగ్గర్లోనే మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర 2014 జూలై 24 పొద్దున్న, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును పాసింజరు రైలు ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అంతకు నెలన్నర ముందే, జూన్ 8న, హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీకి చెందిన 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ ఏడాది తెలుగు నేలంతా పిల్లల కోసం ఏడ్చింది.

గేట్ల సంగతి తర్వాత మారింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లు లేకుండా చేసింది రైల్వే. పరిహారాలు వచ్చాయి, విచారణలు జరిగాయి. కానీ బతికి బయటపడ్డ పిల్లవాడు మళ్ళీ బస్సెక్కడం ఎలా? పక్క సీటు ఖాళీ అయిన పిల్ల హాజరు పిలుస్తుంటే వినడం ఎలా? ఈ ప్రశ్నలు పేపర్లలో తక్కువ కనిపిస్తాయి. మన పంతుళ్ళకు ప్రేమ తక్కువని కాదు. యాభై, అరవై మంది ఉన్న క్లాసులో, వెనక ఏ జట్టూ లేకుండా, తన కన్నీళ్ళు తనే తుడుచుకుంటూ చేయాల్సిన పని అది.

ఇప్పుడు కొంత దారి పడింది. 2020లో కేంద్రం విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ‘మనోదర్పణ్’ మొదలుపెట్టింది; దాని టోల్‌ఫ్రీ నంబరు 8448440632. 2022 అక్టోబర్‌లో వచ్చిన ‘టెలి మానస్’ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు కట్టనక్కర్లేదు. పిల్లల్ని ఊళ్ళో వదిలి దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, ఇక్కడో పని చేసుకునే అన్నలు ఈ నంబర్లు ఇంటికి పంపి గోడ మీద రాయించండి.

ఇంట్లో మనం చేయాల్సింది

టీచర్ బడిలో కట్టిన ధైర్యాన్ని సాయంత్రం ఇంట్లో మనం కూల్చకూడదు. టీవీలో అదే వార్త రాత్రంతా తిరుగుతుంటే చిన్న పిల్లలకు అది మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటుంది. ఆపేయండి. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు పిల్లల ముందు తెరవొద్దు. ముందు వాళ్ళకు ఏం తెలుసో అడగండి, తర్వాత మీకు తెలిసింది చెప్పండి. ‘ఇంకెప్పుడూ ఇలా జరగదు’ అని మాట ఇవ్వొద్దు. అది మన చేతిలో లేదు. ‘నిన్ను జాగ్రత్తగా చూసుకోవడానికి బడిలో మిస్ ఉంది, ఇంట్లో మేమున్నాం’ అనండి. అది నిజం.

భయం పిల్లల నోట్లోంచి రాదు, ఒంట్లోంచి వస్తుంది. కడుపు నొప్పి, తలనొప్పి, పక్క తడపడం, ఊరికే కోపం, మార్కులు పడిపోవడం కనిపిస్తే బెల్టు వైపు చూడకండి, టీచర్‌కి ఫోన్ చేయండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడాల్సిన పని లేదు. కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ఇక్కడి చాలా బడుల్లో సెటిల్‌మెంట్ వర్కర్లు ఉంటారు. ఆఫీసులో అడిగితే కలుపుతారు. పిల్లలు తామే మాట్లాడాలనుకుంటే ‘కిడ్స్ హెల్ప్ ఫోన్’ నంబరు 1-800-668-6868. రాత్రీ పగలూ పలుకుతారు.

దూరంగా ఉన్న నాన్నలకు ఒక మాట. వారానికోసారి ఫోన్‌లో ‘బాగా చదువుతున్నావా’ అని అడుగుతాం. దాంతోపాటు ‘మీ సార్ ఎలా ఉన్నారు, నీ పక్కన ఎవరు కూర్చుంటున్నారు’ అని కూడా అడుగుదాం. జవాబులో ఎవరి పేరన్నా ఉన్నట్టుండి రాకుండా పోతే, పిల్లలు ఏదో మోస్తున్నారని తెలుస్తుంది.

టీచర్‌కి కూడా

క్లాసంతా ఇంటికి పోయాక ఖాళీ కుర్చీ ముందు మిగిలేది టీచరే. ఆమె కూడా ఆ పిల్లవాడికి పాఠం చెప్పిందే. అందుకే మంచి బడుల్లో అలాంటప్పుడు వేరే టీచర్లను తోడు పంపిస్తారు, కాసేపు క్లాసు వదిలి కూర్చునే వీలు కల్పిస్తారు. మన వంతుగా పెద్దగా ఏమీ చేయక్కర్లేదు. పేరెంట్స్ మీటింగ్ రోజున ఓవర్‌టైమ్ వదులుకుని వెళ్దాం. ‘మా పిల్లని ఆ రోజు చూసుకున్నారు, థాంక్స్’ అని మనకొచ్చిన ఇంగ్లీషులోనే చెబుదాం.

ప్రతి సైటులోనూ గేటు దగ్గర బోర్డు మీద ఆసుపత్రి దారి, సూపర్‌వైజర్ నంబరు రాసి పెడతాం. అవసరం రాకూడదనే కోరుకుంటూ రాస్తాం. అలాగే మన ఫోన్‌లో ఫోర్‌మన్ నంబరు పక్కన పిల్లల బడి నంబరూ, క్లాసు టీచర్ పేరూ ఉండాలి. లేకపోతే ఈ రోజు టీ బ్రేకులోనే ఎక్కించుకుందాం.