చల్లటి ఇంజిన్ దగ్గరే బేరం

షాంటిలీ (వర్జీనియా): ఇక్కడ మంచు పడుతుందని టీవీలో చెప్పగానే మనవాళ్లు చేసే పని ఒకటే. పాలు, బ్రెడ్డు తెచ్చి పెట్టుకోవడం, మర్నాడు పార పట్టుకుని డ్రైవ్‌వే ఎత్తిపోసుకోవడం. అలాంటిది, మంచును వెతుక్కుంటూ ఏడెనిమిది గంటలు బండి నడిపి వెళ్లేవాళ్లను చూస్తే 'వీళ్లకేం పనిలేదా' అనుకోవడం సహజమే. మేం ఆ బాపతు. కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్లం. జనవరి, ఫిబ్రవరిలో చలికి కాంక్రీటు పనులు మందగిస్తాయి. ఆ వారాల్లో స్నోమొబైల్ మీద రోజుకు నూరు మైళ్లకు తగ్గకుండా తిరిగొస్తాం. మొదట్లో అద్దెబండ్లతో సరిపెట్టుకున్నాం. ఆ తర్వాత పాతవి కొనుక్కున్నాం. 'ఏది కొనాలి, ఎలా చూడాలి' అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు.

ముందు చోటు సంగతి. షాంటిలీ చుట్టుపక్కల పడే మంచు దీనికి చాలదు. దగ్గరలో అంటే మేరీల్యాండ్ పడమటి కొసనున్న గ్యారెట్ కౌంటీ, మూడు గంటల దూరం. అసలు మంచు కావాలంటే మాత్రం 81వ నంబరు హైవే పట్టుకుని సిరాక్యూస్ దాటి న్యూయార్క్ రాష్ట్రంలోని టగ్ హిల్‌కు వెళ్లాల్సిందే. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే గాలి తేమను మోసుకొచ్చి అక్కడి ఎత్తుపల్లాల మీద కుమ్మరిస్తుంది. ఏటా 200 అంగుళాలకు పైగా మంచు పడే ఊళ్లున్నాయి.

ఫోర్ స్ట్రోకే ఎందుకు? టూ స్ట్రోక్ ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. చేతక్ స్కూటర్, యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపిన చేతులే. తేలిక, దూకుడు, పొగ. పెట్రోలుతోపాటు ఆయిల్‌నీ తాగుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ విడిగా ఉంటుంది, మైలేజీ మెరుగు, సాయంత్రానికి చెవుల్లో హోరుండదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోకి పొగ, శబ్దం తక్కువున్న స్నోమొబైళ్లనే రానిస్తారు. ఫోర్ స్ట్రోకులకు పేరు రావడానికి అదీ ఒక కారణం.

పాతవాటిలో ఎక్కువగా కనిపించేవి యమహా, స్కీ-డూ. యమహా ఆర్‌ఎక్స్-1 2003 మోడల్‌గా వచ్చింది. మన ఆర్‌ఎక్స్ 100తో పేరే దగ్గర, చుట్టరికం లేదు. ఇది 998 సీసీ, నాలుగు సిలిండర్లు, ఆర్-1 రేసు బైకు వంశం. అయితే కార్బురేటర్ బండి. నెలల తరబడి పాత పెట్రోలుతో పడుంటే జెట్లు జిగురు పట్టి పూడుకుపోతాయి. 2006లో వచ్చిన అపెక్స్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అందుకే మేం అపెక్స్ వైపే మొగ్గుతాం. స్కీ-డూలో 2011 మోడల్ నుంచి వచ్చిన 600 ఏస్ సుమారు 60 హార్స్‌పవర్, 2014 నుంచి వచ్చిన 900 ఏస్ సుమారు 90. కుర్రాళ్లు 60 అనగానే పెదవి విరుస్తారు. రోజంతా ట్రైల్ మీద తిరిగేవాడికి పెట్రోలు బంకు ఎంత దూరంలో ఉందన్నదే లెక్క గానీ హార్స్‌పవర్ కాదు.

ఇంకోటి గుర్తుంచుకోవాలి. స్నోమొబైల్ వ్యాపారం మానేస్తున్నట్టు యమహా 2023లో ప్రకటించింది. ఉత్తర అమెరికాకు 2025 మోడళ్లే ఆఖరు. అందుకని వద్దనం. స్పేర్ పార్టులు, మెకానిక్ మనం తిరిగే చోటికి దగ్గరలో దొరుకుతారా అని కనుక్కున్నాకే డబ్బు తీయాలి.

ఇక బండి చూడటం. సైటులో పాత జనరేటర్ కొనేటప్పుడు ఏం చేస్తాం? పొద్దున్నే వెళ్లి, చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమంటాం. ఇక్కడా అంతే. పెన్సిల్వేనియాలో ఒకాయన మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడి చేసి ఉంచాడు. బానెట్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. 'భోంచేసి వస్తాం, అందాకా ముట్టుకోవద్దు' అని చెప్పి మూడు గంటల తర్వాత వెళ్లాం. సెల్ఫ్ కొడితే గిరగిరా తిరిగింది గానీ అంటుకోలేదు. ఆయన బ్యాటరీ వంక పెట్టాడు. మేం దండం పెట్టి వచ్చేశాం.

ఇది చాదస్తం కాదు. ఫోర్ స్ట్రోకుల్లో చాలావాటికి తాడు లాగి స్టార్ట్ చేసే సదుపాయం ఉండదు. బ్యాటరీ పోతే బండి ఇనుప ముద్ద. టగ్ హిల్ అడవిలో ఫోన్ సిగ్నల్ లేని చోట, సున్నాకి దిగువ చలిలో, చీకటి పడే వేళ అది మొండికేస్తే పోయేది సరదా ఒక్కటే కాదు. అందుకే ఎంత మంచి బండి కొన్నా కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోనే కలిపి చూసుకుంటాం. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లం.

మీటరు అంకె చూసి బెదరక్కర్లేదు. 8 వేల మైళ్లు తిరిగి ఏటా ఆయిల్ మార్చిన రసీదులున్న బండి, 2 వేలే తిరిగి నాలుగేళ్లు షెడ్డులో ఎలుకలకు ఇల్లయిన బండి పక్కపక్కన పెడితే మా ఓటు మొదటిదానికే. ఎలుకలు వైరింగ్ కొరికితే ఆ తిప్పలు చెప్పనలవి కావు.

ఇంజిన్ బాగుంటే బండి వెనక భాగం ఎత్తించి చూడాలి. రబ్బరు ట్రాక్ అంచులు చీలాయా, లోపలి చక్రాల బేరింగులు గరగరమంటున్నాయా, ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు అరిగాయా. వాటిని హైఫ్యాక్స్ అంటారు. వాటికి గ్రీజు ఉండదు, మంచే కందెన. కూలెంట్‌నూ చాలా బండ్లలో మంచే చల్లబరుస్తుంది. ట్రాక్ ఎగజిమ్మిన మంచు సీటు కిందున్న హీట్ ఎక్స్‌చేంజర్లకు కొట్టుకుంటుంది. గ్యారెట్‌లోలా మంచు పలచగా, గడ్డకట్టి ఉన్న రోజున ఎగిరే మంచు చాలదు. ఇంజిన్ వేడెక్కుతుంది, పట్టీలు కరుగుతాయి. ఐస్ స్క్రాచర్లని చిన్న స్ప్రింగ్ కమ్మీలు బిగించుకుంటే అవి గడ్డను గీరి పొడి లేపుతాయి. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

బరువు సంగతి అమ్మేవాడు చెప్పడు. అదే తరహా టూ స్ట్రోక్ కంటే ఫోర్ స్ట్రోక్ నూరు పౌండ్ల దాకా ఎక్కువ తూగొచ్చు. ఇక్కడి సిమెంటు బస్తా 94 పౌండ్లు. దానిమీద ఒక బస్తా వేసుకుని తిరుగుతున్నట్టే. ట్రైల్ దిగి మెత్తటి మంచులో కూరుకుపోతే ఇద్దరు పట్టి లాగాల్సిందే. బాట మీదే తిరిగేవాళ్లకు ఈ బరువు కుదురుగా ఉంటుంది. గ్యాసు వదలగానే బండి వెనక్కి గుంజినట్టవడం మాత్రం అలవాటు పడాలి.

న్యూయార్క్ ట్రైళ్ల మీద తిరగాలంటే వేరే రాష్ట్రం వాళ్లమైనా అక్కడ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఉండాలి. అక్కడి స్నోమొబైల్ క్లబ్బులో చేరితే ఫీజు సగానికి పైగా తగ్గుతుంది. పైగా ట్రైళ్లను చదును చేసి ఉంచేది ఎక్కువగా ఆ క్లబ్బులవాళ్లే. కారు ఇన్సూరెన్సు దీనికీ పనికొస్తుందనుకోకండి, ఏజెంటును అడగండి. కాలు విరిగితే సైటుకు వెళ్లేదెవరు, ఇంటికి డబ్బు పంపేదెవరు?

మా హద్దు ఒక్కో బండికి నాలుగు వేల డాలర్లు. నవంబరులో ఆ డబ్బుకు దొరకని బండి మార్చి నెలాఖరుకు దిగొస్తుంది. మంచు కరిగిందంటే అమ్మేవాడికి అది గ్యారేజీలో అడ్డం. అయితే అప్పుడు చల్లటి స్టార్ట్ పరీక్ష తెల్లవారుజామునే పెట్టుకోవాలి, మధ్యాహ్నం ఎండలో ఏ ఇంజినైనా అంటుకుంటుంది.